జమ్ములో దాక్కునే పిట్టని ఫోటో తీయాలంటే

ఏలూరు కాలువకి కాస్త ఎడంగా ఒక మురుగు కాలువ ఉంది. అందులో ఒక జమ్ము దుబ్బు ముందు నేను వరసగా పదకొండు ఆదివారాలు కూర్చున్నాను. పన్నెండో ఆదివారం, పొద్దున ఏడు దాటాక, అరగంటగా నేను చూస్తున్న గడ్డిలో ఒక కాడకి కన్ను కనిపించింది. ఎల్లో బిట్టర్న్, కొంగ జాతి చిన్న పిట్ట. రెండు జమ్ము కాడల్ని చెరో కాలితో పట్టుకుని, ముక్కు ఆకాశంలోకి పెట్టి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు. బహుశా నాకంటే ముందే వచ్చి ఉంటుంది. ఆ రోజు నాకు దొరికినవి ఆరు ఫోటోలు, వాటిలో మంచిది ఒకటి. ఆ ఒక్కదాని కోసం ఏమేం నేర్చుకోవలసి వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పదకొండు ఆదివారాలు పట్టకూడదని నా కోరిక.

నేను విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సెలవు రోజున చీకటితోనే స్కూటీ తీసి, తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటాను. నా దగ్గరున్నది నికాన్ డి7500, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 200-500 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్. మీ దగ్గర 70-300 మాత్రమే ఉంటే దాంతోనే మొదలుపెట్టండి, నీటికోడి దానికి కూడా దొరుకుతుంది. ఈ పనిలో లెన్స్ కంటే ఓపిక ఎక్కువ పనిచేస్తుంది. ఓపిక కంటే కూడా ఎక్కడ కూర్చున్నారన్నది ఎక్కువ పనిచేస్తుంది.

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు చాలామందికి తెలుసు. గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు చెట్ల మీద బాహాటంగా కూర్చుంటాయి. అటు కైకలూరు దాటి ఆటపాక వెళ్తే కొల్లేటి గూడబాతులు. కెమెరా చేతికి అలవాటు కావడానికి అవి మంచి చోట్లు. కానీ అక్కడ పిట్టని వెతకాల్సిన పని లేదు. జమ్ములో ఉండే పిట్టల సంగతి వేరు. వాటి ఒంటి రంగు, నడక, ఆకారం అన్నీ కనపడకుండా ఉండటానికే తయారయ్యాయి. బిట్టర్న్ మెడ మీద నిలువు చారలు ఎండిన జమ్ము ఆకుల చారల్లాగే ఉంటాయి. నీటికోడి జాతి చిన్న పిట్టలైన క్రేక్‌ల ఒళ్లు పక్కల నుంచి నొక్కినట్టు సన్నగా ఉంటుంది, అందుకే రెండు కాడల మధ్య నుంచి గడ్డి కదలకుండా దూరిపోతాయి.

మన చుట్టుపక్కల ఎవరెవరు దొరుకుతారో ముందు చెప్తాను. అందరికంటే ధైర్యవంతురాలు తెల్లరొమ్ము నీటికోడి. కాలువ గట్టున ఇళ్ల వెనక కూడా తిరుగుతుంది. మీ సాధన మొత్తం దాని మీదే చెయ్యండి. తర్వాత బిట్టర్న్‌లు: లేత పసుపులో ఎల్లో బిట్టర్న్, ఇటుక రంగులో సినమన్ బిట్టర్న్, ముదురు రంగులో బ్లాక్ బిట్టర్న్. ఎగిరినప్పుడు ఎల్లో బిట్టర్న్ రెక్క అంచులు నల్లగా కనిపిస్తాయి, సినమన్‌కి రెక్కంతా ఒకటే రంగు. అదొక్కటి గుర్తుంచుకుంటే తికమక ఉండదు. వీటి తర్వాత క్రేక్‌లు. ఇటుకరంగు రొమ్ముతో రడ్డీ బ్రెస్టెడ్ క్రేక్, చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే బైలాన్స్ క్రేక్. ఈ రెండోది పిచ్చుక కంటే కాస్త పెద్దది, అంతే. గుర్రపుడెక్క ఆకుల మీద నడుస్తుంటే మొదటిసారి నేను ఎలుక అనుకున్నాను. చలికాలంలోనే బ్లూత్రోట్, రీడ్ వార్బ్లర్ అనే చిన్న పిట్టలు కూడా జమ్ములోకి వస్తాయి. రీడ్ వార్బ్లర్ గొంతు దుబ్బంతా వినిపిస్తుంది, ఒళ్లు మాత్రం కనపడదు.

ఎప్పుడు వెళ్లాలన్నది నీళ్లని బట్టి ఉంటుంది. వానాకాలంలో కాలువలు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు జమ్ము మొదళ్ల లోపలిదాకా ఉంటాయి. పిట్టకి బయటికి రావలసిన అవసరమే ఉండదు. పైగా అది గుడ్లు పెట్టే కాలం, అప్పుడు నేను దూరంగా ఉంటాను. అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా మంచి రోజులు. వేసవిలో కాలువలు కట్టేశాక ఇంకొక మంచి సమయం వస్తుంది. నీళ్లు దిగిపోయి, గడ్డికీ మడుగుకీ మధ్య బురద ఒక మూర వెడల్పున బయటపడుతుంది. పురుగులు, చిన్న చేపలు, నత్తలు ఆ బురదలోనే ఉంటాయి కాబట్టి పిట్ట తిండి కోసం ఆ మూర మేర బయటికి రాక తప్పదు. మన పని అంతా ఆ మూర బురద దగ్గరే.

ఇక అసలు విషయం. జమ్ము దగ్గరికి వెళ్లగానే పిట్ట కోసం వెతక్కండి. సందు కోసం వెతకండి.

రెండు దుబ్బుల మధ్య గడ్డి పలచబడ్డ చోటు, జమ్ము ముగిసి తుంగ మొదలయ్యే చోటు, గుర్రపుడెక్క తెప్ప కట్టి గడ్డికి ఆనుకున్న చోటు, గేదెలు నీళ్లలోకి దిగి గడ్డిని తొక్కేసిన దారి. పిట్ట ఒక దుబ్బులోంచి ఇంకో దుబ్బులోకి పోవాలంటే వీటిలో ఏదో ఒకటి దాటాలి. బురద మీద చూడండి. నీటికోడి అడుగులు పొడుగు వేళ్లతో పూలరెక్కల్లా పడి ఉంటాయి. ఒకే వరసలో కొత్తవీ పాతవీ కలిసి ఉంటే అది రోజూ నడిచే దారన్నమాట. పక్కనే తెల్లటి రెట్ట ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. అలాంటి సందు ఒకటి ఎంచుకుని, రేపు పొద్దున వెలుతురు ఎటునుంచి వస్తుందో చూసుకుని, ఆ రోజుకి ఇంటికి వచ్చెయ్యండి. మొదటి రోజు నేను కెమెరా బయటికి తియ్యను. చోటు చూసిన రోజూ ఫోటో తీసిన రోజూ వేరువేరుగా ఉంటేనే నాకు మంచి ఫోటోలు వచ్చాయి.

చోటు ఎంచుకోవడంలో ఇంకొక లెక్క ఉంది. దాన్ని మా పిల్లలకి చెప్పినట్టే చెప్తాను.

లెన్స్‌ని 500 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి, దాని కన్నం ఎఫ్ 5.6లో ఉంచి, నా కెమెరాతో పది మీటర్ల దూరంలో ఉన్న పిట్టని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు సుమారు 9 సెంటీమీటర్లు. అంటే బెత్తెడు. పిట్ట కన్ను ఆ బెత్తెడులో ఉండాలి. పిట్టకి అరచెయ్యి దూరంలో ముందున్న కాడ ఆ బెత్తెడుకి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి అది కూడా గట్టి గీతలా ముఖం మీద అడ్డంగా పడుతుంది. ఆ ఫోటోని ఇంటికొచ్చాక ఎవరూ బాగుచెయ్యలేరు. అదే కాడ మన లెన్స్ ముందు ఒక మీటరు దూరంలో ఉంటే? అది కరిగిపోతుంది. లేత ఆకుపచ్చ పొగలాగా ఫోటో మీద పరుచుకుంటుంది తప్ప గీతలా కనపడదు. కొన్నిసార్లు అసలు కనపడనే కనపడదు. కాబట్టి అడ్డు ఉందా లేదా అని అడక్కండి, అడ్డు ఎవరికి దగ్గరగా ఉందని అడగండి. అడ్డు నాకు దగ్గరగా ఉంటే మంచిదే, నన్ను దాచిపెడుతుంది కూడా. పిట్టకి దగ్గరగా ఉంటే నేను ఒక జానెడు పక్కకి జరగాలి.

ఇది మాటల్లో ఎక్కకపోతే డాబా మీద చేసి చూడండి. నేను అలాగే నేర్చుకున్నాను. ఒక బకెట్లో ఇసుక పోసి కొబ్బరి చీపురు పుల్లలు ఓ నలభై గుచ్చండి, పలచగా కొన్ని, గుంపుగా కొన్ని. వెనకాల ఒక చిన్న ఉల్లిపాయ పెట్టండి, దాని మీద పెన్నుతో ఒక నల్ల చుక్క. అదే పిట్ట కన్ను. డాబా ఆ చివరికి వెళ్లి కింద కూర్చుని ఆ చుక్క మీద ఫోకస్ చెయ్యండి. ముందు బకెట్‌ని ఉల్లిపాయకి ఆనించి పెట్టి తీయండి, తర్వాత బకెట్‌ని తెచ్చి మీ లెన్స్ ముందు పెట్టుకుని తీయండి. రెండూ పక్కపక్కన చూడండి. తర్వాత అంగుళం అంగుళం పక్కకి జరుగుతూ చుక్క ఎప్పుడు పూర్తిగా బయటపడుతుందో చూడండి. మా ఎదురింటి పిన్నిగారు రెండు రోజులు చూసి, మూడో రోజు తనే వచ్చి ఉల్లిపాయలు మార్చి పెట్టారు. ఒక వారం రోజులు సాయంత్రాలు ఇలా చేశాక నా కళ్లు మారాయి. గడ్డిని చూస్తే ఇదివరకు గోడలా కనిపించేది, ఇప్పుడు అందులో కిటికీలు కనిపిస్తాయి.

ఫోకస్ విషయానికొస్తే, కెమెరాకి వదిలెయ్యకండి. దానికి గడ్డి తెలీదు, పిట్ట తెలీదు, దగ్గరగా ఉన్నదీ గట్టిగా కనిపించేదీ పట్టుకుంటుంది. ఎండ పడ్డ జమ్ము కాడ కంటే గట్టిగా కనిపించేది ఆ చోట ఏముంటుంది? కన్నుని గుర్తుపట్టే కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు కూడా దట్టమైన గడ్డిలో తడబడతాయి. మా స్కూల్లో ఒక మాస్టారి దగ్గర అలాంటిది ఉంది, ఇద్దరం కలిసి వెళ్లి చూశాం. ఒకే ఒక్క ఫోకస్ పాయింట్ పెట్టుకోండి. చిన్నది. దాన్ని పిట్ట కంటి మీదికి మీరే జరుపుకోండి. ఫోకస్ చేసే పనిని షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనక బొటనవేలి బటన్‌కి ఇవ్వండి. అప్పుడు ఒకసారి కన్ను దొరికాక వేలు తీసేస్తే, మధ్యలో గడ్డి ఊగినా ఫోకస్ ముందుకి గెంతదు. చివరి సవరింపు లెన్స్ మీదున్న రింగుని చేత్తో తిప్పి చేసుకోండి, వెంట్రుకవాసి అంత. నా లెన్స్‌కి పక్కన ఒక స్విచ్ ఉంది. దాన్ని అనంతం నుంచి ఆరు మీటర్ల వరకే అని పెడితే, ముందున్న గడ్డిని పట్టుకోవడానికి లెన్స్ లోపలికీ బయటికీ పరుగులు పెట్టదు. మీ లెన్స్‌కి అలాంటిది ఉంటే వాడండి. పిట్ట ఆరు మీటర్ల లోపలికి వస్తే మాత్రం తిరిగి మార్చుకోవడం గుర్తుండాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మొదటి చలికాలం కంకిపాడు దాటాక ఒక పంట బోదె పక్కన సినమన్ బిట్టర్న్ నాకు నాలుగు నిమిషాలు నిలబడింది. నలభై మూడు ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెట్టి చూస్తే నలభై మూడింటిలోనూ ముందున్న ఒకే తుంగ పుల్ల, దాని మీద మంచుబొట్టుతో సహా, అద్దంలా స్పష్టంగా ఉంది. వెనకాల ఇటుకరంగు మరక. ఆ రాత్రే అన్ని పాయింట్లూ తీసేసి ఒకటి చేశాను.

పిట్ట దూరేముందే ఫోకస్ సిద్ధంగా ఉంచుకోవడం ఇంకా మంచిది. సందుకి అవతలి అంచున ఉన్న బురదగడ్డ మీదో, నీళ్లలో తేలే ఎండాకు మీదో ముందే ఫోకస్ పెట్టి వదిలెయ్యండి. క్రేక్ ఆ సందు దాటడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. ఆ మూడు సెకన్లలో లెన్స్ వెతుక్కోవడం మొదలుపెడితే అయిపోయినట్టే.

కూర్చునే ఎత్తు గురించి రెండు మాటలు. గట్టు మీద నిలబడి కిందికి తీస్తే పిట్ట వీపు, బురద, చెత్త వస్తాయి. పిట్ట కంటి ఎత్తుకి దిగండి. దిగితే వెనకాలి గడ్డి దూరంగా జరిగి మెత్తబడుతుంది, ముందున్న గడ్డి మొదళ్లు మీకు దగ్గరగా వచ్చి కరిగిపోతాయి. పైగా జమ్ము ఆకులు పైన విరబోసుకుని ఉంటాయి, మొదళ్ల దగ్గర మాత్రం ఖాళీలు ఎక్కువ. నేను కింద యూరియా సంచీ, దాని మీద గోనెపట్టా వేసుకుని బోర్లా పడుకుంటాను, లేదా గట్టు వాలులో కాళ్లు చాపి కూర్చుంటాను. ట్రైపాడ్ అంత కిందికి సరిగ్గా దిగదు. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి రెండు వైపులా కుట్టి, లోపల వరి ఊక నింపితే లెన్స్‌కి దిండు తయారవుతుంది. ఊక తేలిగ్గా ఉంటుంది, తడిసినా ఎండలో పోసి ఆరబెట్టుకోవచ్చు. బియ్యం నింపకండి, తడిస్తే పాడవుతుంది, బరువు కూడా.

చీరలో ఈ పని కుదరదు. ముదురు ఆకుపచ్చ చుడీదార్, నెత్తి మీద మాసిన తువ్వాలు, చేతులకి పొడుగు చేతుల చొక్కా. తెలుపు, ఎరుపు వద్దు. గాజులు తీసేస్తాను, చప్పుడు కోసం. వలలా ఉండే ఆకుపచ్చ షేడ్‌నెట్ గుడ్డ నర్సరీలకి సామాన్లమ్మే కొట్లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. దాన్ని లెన్స్ మీద నుంచి నెత్తి మీదుగా కప్పుకుంటే చాలు. పిట్ట మనిషి ఆకారం కంటే మనిషి కదలికకి ఎక్కువ భయపడుతుంది. కెమెరా ఎత్తడం, తల తిప్పడం, దోమని కొట్టడం, ఇవే దాన్ని లోపలికి పంపించేస్తాయి. దోమల మందు ఇంట్లోనే రాసుకుని వెళ్లండి.

వెలుతురు సంగతి తొందరగా చెప్పేస్తాను. జనవరిలో మనకి సూర్యోదయం 6.40 ప్రాంతంలో. ఆరింటికే కూర్చుని ఉండాలి. ఏడు నుంచి ఎనిమిదింపావు దాకా వెలుతురు బాగుంటుంది. గడ్డి లోపలికి ఏటవాలుగా వెళ్తుంది. తొమ్మిదయ్యాక నీళ్ల మీద ఆవిరి కదలడం మొదలై ఫోటో వణికినట్టు వస్తుంది, అది లెన్స్ తప్పు కాదు. గడ్డి నీడలో ఐఎస్ఓ, అంటే వెలుతురుని పట్టే సున్నితత్వం, 1600 నుంచి 3200 దాకా వెళ్లడానికి భయపడకండి. నడిచే క్రేక్‌కి షట్టర్ వేగం సెకనులో 500వ వంతు కంటే తగ్గకూడదు. బిగుసుకుని నిలబడ్డ బిట్టర్న్‌కి ఊకదిండు మీద 125వ వంతులో కూడా తీశాను. నీటికోడి రొమ్ము తెల్లగా, వీపు నల్లగా ఉంటుంది. కెమెరా నలుపునీ నీడనీ చూసి వెలుతురు పెంచేస్తుంది, తెలుపు మండిపోతుంది. కెమెరా పెట్టే వెలుతురుని ముప్పావు స్టాపు (స్టాపు అంటే వెలుతురు కొలత) తగ్గించండి. నలుపులో వివరం తర్వాత బయటికి లాగొచ్చు, కాలిపోయిన తెలుపులో ఏమీ మిగలదు. గాలి ఉన్న రోజు వెళ్లకండి. కాడలు ఊగుతుంటే ఏదీ నిలవదు.

ఇప్పుడు ఎదురుచూడటం. ఇక్కడే పని అంతా.

కూర్చున్న మొదటి ఇరవై నిమిషాలు ఏమీ రాదు. మీరు వచ్చిన చప్పుడు అందరూ విన్నారు. ముందు గుడ్డికొంగ తిరిగొస్తుంది, తర్వాత లకుముకి పిట్ట తన కొమ్మ మీదికి వస్తుంది. అవి మిమ్మల్ని పట్టించుకోవడం మానేశాయంటే లోపలివాళ్లకి కూడా నమ్మకం కుదురుతున్నట్టు లెక్క. గట్టు మీద తీతువు మాత్రం మిమ్మల్ని చూసి అరుస్తూనే ఉంటే చోటు మార్చండి. దాని అరుపు దుబ్బులో అందరికీ హెచ్చరికే. గేదెలు వస్తే విసుక్కోకండి. అవి గడ్డిలోంచి పోతుంటే పురుగులు లేస్తాయి, వాటి వెనక నీటికోళ్లు వస్తాయి. గేదెలకి అలవాటుపడ్డ పిట్టలు వాటి దగ్గర ధైర్యంగా తిరుగుతాయి. ఒకసారి గేదెలు తోలుకొచ్చిన పెద్దాయన నన్ను చూసి ఆగాడు.

"ఏంటమ్మా, బురదలో పడుకున్నావ్? ఒంట్లో బాలేదా?"

"లేదు బాబాయ్, పిట్టని ఫోటో తీస్తున్నా. చప్పుడు చెయ్యకు."

ఆయన అక్కడే గొంతుక్కూర్చుని, కాసేపయ్యాక గొంతు తగ్గించి, "ఆ తాటిమొద్దు పక్కన చూడు. రోజూ మా గేదెలు దిగేటప్పటికి అక్కడే నిలబడుద్ది, ముక్కు పైకెత్తి" అన్నాడు. నేను నాలుగు వారాలుగా తప్పు దుబ్బు ముందు కూర్చున్నానని అప్పుడు తెలిసింది. కాపలావాళ్లనీ గేదెలు కాసేవాళ్లనీ అడగండి. వాళ్లకి పిట్ట పేరు తెలియకపోవచ్చు, దాని వేళ తెలుసు.

తోక చూస్తూ ఉండండి. నీటికోడి నడుస్తూ తోకని ఎగరేస్తుంటుంది, కింద ఎర్రమన్ను రంగు తళుక్కుమంటుంది. మెల్లగా ఎగరేస్తుంటే నిమ్మళంగా ఉన్నట్టు. గబగబా ఎగరేస్తూ మెడ చాపిందంటే మీ మీద అనుమానం వచ్చింది, అప్పుడు షట్టర్ నొక్కకండి, ఊపిరి పీల్చుకోవడం కూడా నెమ్మదిగా. దాని తల మళ్లీ బురదలోకి వంగాక మూడు ఫోటోలు తీసి ఆపండి. ఏకబిగిన ముప్పై తీస్తే ఆ చప్పుడు దానికి అలవాటవదు. మూడు మూడుగా అయితే పావుగంటలో పట్టించుకోవడం మానేస్తుంది. బైలాన్స్ క్రేక్ అయితే ఇంకా చిత్రం. మీరు నిజంగా కదలకుండా ఉంటే అది తన దారిన తను పొడుచుకు తింటూ లెన్స్ ఫోకస్ కాలేనంత దగ్గరికి వచ్చేస్తుంది. నీలిబూడిద రంగు రొమ్ము, పక్కల నలుపు తెలుపు అడ్డచారలు, ఎర్రటి కన్ను, వీపు మీద సున్నం చిలకరించినట్టు తెల్లచుక్కలు. ఆ రోజు నేను చివరికి కెమెరా వదిలేసి కళ్లతో చూశాను.

బిట్టర్న్ దగ్గర ఇంకొక కిటుకు. అది బెదిరితే వెంటనే ఎగరదు, బిగుసుకుంటుంది. మెడ సాగదీసి, ముక్కు నిట్టనిలువుగా పెట్టి, గాలికి గడ్డి ఊగితే తనూ ఊగుతుంది. అలా నిలబడి ముక్కు కింద నుంచి రెండు కళ్లతో మిమ్మల్నే చూస్తూ ఉంటుంది. అప్పుడు ముఖం మధ్యలో ఉన్న ముక్కు మొదలు మీద ఫోకస్ పెట్టండి, రెండు కళ్లూ దానికి అటూ ఇటూ ఆ బెత్తెడులోనే ఉంటాయి. ఈ ఫోటో అందరూ ఇష్టపడతారు, నాకూ ఇష్టమే. కానీ అది భయపడ్డ పిట్ట అని మర్చిపోకండి. నాలుగు తీసి లెన్స్ కిందికి దించండి. పది నిమిషాలకి మెడ ముడుచుకుని వేటలో పడుతుంది. కాలు ఒక కాడ మీంచి ఇంకో కాడ మీదికి మార్చి, మెడని నీటి మీదికి మెల్లమెల్లగా చాపి, ఒక్కసారి చురుక్కుమని పొడుస్తుంది. నాకు ఆ ఫోటోలే ఎక్కువ విలువైనవి.

గడ్డి లేకుండా బిట్టర్న్ ఫోటో కోసం తాపత్రయపడకండి. ముఖానికి, ముఖ్యంగా కంటికి, అడ్డం లేకపోతే చాలు. ఒంటి మీదుగా ఒకటి రెండు కాడలు పోయినా అది దాని ఇల్లే కదా. నేను ఫ్రేమ్‌లో నిలువు కాడల్ని కావాలని ఉంచుతాను, పిట్టని ఒక పక్కకి జరిపి, చారలకి చారలు కలిసేట్టు. ఇంటికొచ్చాక అడ్డొచ్చిన ఆకుల్ని కంప్యూటర్లో చెరిపేయడం నాకు నచ్చదు. నీడలు కాస్త ఎత్తడం, పచ్చదనం కాస్త తగ్గించడం, కత్తిరించడం, అంతవరకే.

గడ్డి విషయంలో నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. రెండేళ్ల కిందట ఆగస్టులో నీటికోడి గూడు ఒకటి కనిపించింది, ఐదు గుడ్లు. ఫోటోకి అడ్డంగా ఉన్న నాలుగు జమ్ము ఆకుల్ని పక్కకి వంచి తుంగతో కట్టాను. తీసుకుని, విప్పేసి వచ్చాను. ఆకులు మళ్లీ సరిగ్గా నిలబడలేదు. మూడో రోజు వెళ్తే పైన కాకులు, లోపల పెంకులు. నేను తెరిచిన కిటికీలోంచే వాటికి గూడు కనిపించింది. అప్పటి నుంచి గూళ్ల జోలికి వెళ్లను, ఒక్క ఆకు కూడా కోయను, వంచను. జానెడు పక్కకి జరగడం నా చేతిలో ఉన్న పని, గడ్డిని జరపడం కాదు.

ఫోన్లో పిట్ట కూత పెట్టి బయటికి రప్పించే అలవాటు కొందరిలో ఉంది. తన చోట్లోకి ఇంకో పిట్ట వచ్చిందనుకుని అది తిండి మాని, పోట్లాటకి బయటికి వస్తుంది. ఫోటో వస్తుంది, నిజమే. నేను చెయ్యను, మీరూ చెయ్యొద్దని అడుగుతున్నాను. రాళ్లు వేయడం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇంకొకటి, చోటు పేరు ఫోటో కింద రాయకండి. నీటికోళ్లకి ఉచ్చులు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను పైన రాసిన చోట్లు కూడా అందుకే ఉజ్జాయింపుగా రాశాను. అభయారణ్యం హద్దుల్లోకి వెళ్తే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. చేపల చెరువు గట్టయితే కాపలా మనిషికి చెప్పి కూర్చోండి.

బురద జాగ్రత్త. గుర్రపుడెక్క పైన పచ్చగా నేలలా ఉంటుంది, కింద మనిషి లోతు ఉండొచ్చు. కర్రతో పొడిచి చూడకుండా అడుగు వెయ్యకండి. మోకాళ్ల దాకా గంబూట్లు, జలగలకి ఒక పొట్లం ఉప్పు, టార్చి. చీకట్లో గట్టు మీద కర్ర తాటిస్తూ నడవండి. అక్కడ నీరుకట్టెలే కాదు, రక్తపింజరి కూడా ఉంటుంది. ఎక్కడ కూర్చుంటున్నారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

పిట్ట ఎదురుగా ఉండగా లేచి రాకండి. అది తనంతట తను గడ్డిలోకి వెళ్లేదాకా ఆగి, ఇంకో ఐదు నిమిషాలు ఆగి, వెనక్కి పాకి, గట్టు అవతల లేచి నిలబడండి. దాని ముందు ఒకసారి లేచారంటే ఆ సందు దానికి మనిషి లేచిన సందుగా గుర్తుండిపోతుంది, కొన్నాళ్లు అటు రాకపోవచ్చు.

ఇంటికి రాగానే లెన్స్‌ని సంచిలో వదిలెయ్యకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఇంట్లో నడుముదాకా నీళ్లు. అటక మీద పెట్టిన పాత 70-300 మునగలేదు కానీ, ఆ వారం రోజుల తేమకి లోపలి అద్దం మీద సాలెగూడులా బూజు పట్టింది. చలికాలపు మంచులో మూడు గంటలు కూర్చున్న లెన్స్ పరిస్థితి కూడా దాదాపు అంతే. పొడిగుడ్డతో తుడిచి, మూతలు తీసి, ఒక గంట ఫ్యాను కింద ఉంచండి. తర్వాత గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రంగు మారిన పొట్లాల్ని మూకుడులో సన్నసెగ మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. బియ్యం డబ్బాలో పెట్టకండి, పిండి లోపలికి పోతుంది. ఊకదిండు విప్పి ఊకని డాబా మీద ఆరబోయండి. మళ్లీ శనివారం రాత్రికి కుట్టుకోవాలి.